సిరీస్ ఎస్, సిరీస్ ఎక్స్: ఒక్క అక్షరం తేడాకు ఎంత ఇవ్వవచ్చు?

మా అక్క ఒక ఆదివారం ఫోన్ చేసి అడిగిన ప్రశ్నే ఈ సమీక్షకు మూలం. పన్నెండేళ్ల మేనల్లుడు పరీక్షల విషయంలో ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు కాబట్టి వాడికి ఎక్స్‌బాక్స్ అనే వీడియో గేమ్ కన్సోల్ కొనిపెట్టక తప్పని పరిస్థితి వచ్చింది. అందులో సిరీస్ ఎస్, సిరీస్ ఎక్స్ అని రెండు రకాలున్నాయి. "రెండిటి పేరూ ఒకటే, చివర ఒక్క అక్షరం మారిందంతే. దానికి అంత డబ్బు తేడా ఏమిట్రా?" అని ఆమె అడిగింది. నా దగ్గర ఆ రెండూ ఉన్నాయి. హాల్లో 55 అంగుళాల 4కే (ఎక్కువ చుక్కలతో పదునైన బొమ్మ చూపే) టీవీకి సిరీస్ ఎక్స్, నా గదిలో 32 అంగుళాల మామూలు 1080పీ టీవీకి సిరీస్ ఎస్ తగిలించి ఏడాదికి పైగా రెండింటినీ వాడుతున్నాను. అయినా సూటిగా జవాబు చెప్పలేక "ముందు మీ ఇంట్లో టీవీ ఏదో చెప్పక్కా" అన్నాను. "నేను అడిగింది టీవీ గురించా?" అని ఆమె విసుక్కుంది. నిజానికి సగం జవాబు ఆ టీవీలోనే ఉంది. మిగతా సగం ఆ పిల్లవాడు ఒకేసారి ఎన్ని ఆటలు పెట్టుకుంటాడన్న దానిలో ఉంది.

మైక్రోసాఫ్ట్ ఈ రెండు కన్సోళ్లనూ 2020 నవంబరు 10న ఒకే రోజు విడుదల చేసింది. అమెరికాలో నాటి ధరలు ఎస్‌కు 299 డాలర్లు, ఎక్స్‌కు 499 డాలర్లు. అదే వారంలో వచ్చిన ప్లేస్టేషన్ 5 కూడా రెండు రూపాల్లోనే వచ్చింది కానీ, ఆ రెండింటి లోపలి చిప్ ఒక్కటే. ఒకదానికి డిస్క్ పెట్టే అర ఉంది, రెండోదానికి లేదు, అంతకుమించి తేడా లేదు. అందువల్ల అక్కడ తక్కువ ధరది కొంటే ఏం పోతుందన్న ప్రశ్నకు ఒక్క ముక్కలో సమాధానం చెప్పవచ్చు. ఎక్స్‌బాక్స్ సంగతి అలా కాదు. ఇక్కడ గ్రాఫిక్స్ చిప్ వేరు, మెమరీ వేరు, నిల్వ వేరు, డిస్క్ అర ఒకదానికే ఉంది, చివరకు ఏ స్క్రీన్‌ను దృష్టిలో పెట్టుకుని తయారుచేశారన్నది కూడా వేరు. కాబట్టి ఏం పోతుందో ఒక్కొక్కటే విప్పి చూడవలసిందే.

ముందు అందరూ చెప్పే అంకెతోనే మొదలుపెడదాం. గ్రాఫిక్స్ చిప్ బలాన్ని టెరాఫ్లాప్స్‌లో కొలుస్తారు. ఒక టెరాఫ్లాప్ అంటే సెకనుకు లక్ష కోట్ల లెక్కలు. ఎక్స్‌లోని చిప్‌ది 12 టెరాఫ్లాప్స్, ఎస్‌లోని చిప్‌ది 4. అంటే చిన్నదానికి పెద్దదానిలో మూడో వంతు బలం ఉంది. అయితే చిన్నదానికి అప్పగించిన పని కూడా తక్కువేనన్నది తయారీదారు వాదన. ఎక్స్ లక్ష్యం 4కే, ఎస్ లక్ష్యం 1440పీ. ఈ వాదన ఎంతవరకు నిలుస్తుందో కాగితం మీద లెక్క వేస్తే తెలిసిపోతుంది. 4కే బొమ్మలో దాదాపు 83 లక్షల చుక్కలుంటాయి, 1440పీ బొమ్మలో దాదాపు 37 లక్షలు, 1080పీ బొమ్మలో 21 లక్షల లోపు. 4కే నుంచి 1440పీకి దిగితే పని రెండుంబావు రెట్లే తగ్గుతుంది, బలం మాత్రం మూడు రెట్లు తగ్గింది. ఈ లోటును ఎక్కడో ఒకచోట పూడ్చుకోవాలి కనుకనే బరువైన ఆటలు ఎస్‌లో 1440పీ దగ్గర నిలవకుండా 1080పీకి, ఒక్కోసారి అంతకన్నా కిందికి కూడా దిగుతాయి. లేదా సెకనుకు 60 ఫ్రేములు (ఒకదాని తర్వాత ఒకటి మారే బొమ్మలు) రావలసిన చోట 30తో సరిపెడతాయి. ఇంకా సరిపోకపోతే రే ట్రేసింగ్‌ను, అంటే నీళ్లలో, అద్దాల్లో కనబడే నిజమైన ప్రతిబింబాలను తీసేస్తాయి. పెట్టె మీద 1440పీ అని రాసి ఉన్నా, కొనేవారు మనసులో 1080పీ అని చదువుకుంటే నిరాశ పడరు.

మరి ఇదంతా కంటికి కనబడుతుందా? ఈ సంగతి తేల్చుకోవడానికి ఎస్‌ను హాల్లోకి తెచ్చి అదే పెద్ద టీవీకి తగిలించి, ఫోర్జా హొరైజన్ 5 అనే కార్ల ఆటను రెండింటిలో ఒకే రహదారి మీద, ఒకే కారుతో, ఒకదాని తర్వాత ఒకటి నడిపి చూశాను. కారు నడుస్తున్నంతసేపు, సోఫాలో కూర్చుని చూస్తుంటే, తేడా చెప్పమంటే చెప్పగలిగేవాణ్ణి కాదు. కారు ఆపి, కెమెరాను దూరంగా ఉన్న చెట్ల వైపు తిప్పినప్పుడు తేడా బయటపడింది. ఎక్స్‌లో కొండవాలు మీది పొదలు ఒక్కొక్కటి విడివిడిగా నిలబడి ఉన్నాయి, ఎస్‌లో అవి ఆకుపచ్చ రంగు పులిమినట్లు కలిసిపోయాయి. ఎక్స్‌లో దూరపు విద్యుత్ తీగ సన్నని గీతలా సాగింది, ఎస్‌లో అది కాస్త మెట్లు మెట్లుగా విరిగింది. తర్వాత ఎక్స్‌ను గదిలోకి మోసుకెళ్లి చిన్న టీవీకి తగిలించి చూస్తే తేడా దాదాపు మాయమైంది. ఎక్స్ తయారుచేసే 83 లక్షల చుక్కలను 21 లక్షల చుక్కలున్న స్క్రీన్ ఎక్కడ చూపగలదు? అంచులు కొంచెం నునుపుగా వచ్చాయి, అంతే. 1080పీ టీవీకి ఎక్స్ కొనడమంటే బిందెడు నీళ్లను చెంబులో పోసినట్టే.

అయితే ఇక్కడే ఒక మినహాయింపు చెప్పాలి. పదును కన్నా వేగం ముఖ్యమనుకునేవారికి 1080పీ టీవీలో కూడా ఎక్స్ పనికొచ్చే సందర్భాలున్నాయి. చాలా ఆటల్లో ఎక్స్‌కు రెండు పద్ధతులు ఇస్తారు. ఒకటి బొమ్మ నాణ్యతకు, రెండోది 60 ఫ్రేముల వేగానికి. అవే ఆటల్లో కొన్నింటికి ఎస్‌లో ఒకే పద్ధతి, అదీ 30 ఫ్రేములది మాత్రమే ఉంటుంది. 30కీ 60కీ మధ్య తేడా ఎంత చిన్న టీవీలోనైనా, ఎంత దూరం నుంచైనా తెలుస్తుంది, ఎందుకంటే అది కంటికన్నా ముందు బొటనవేలికి తెలుస్తుంది. కంట్రోలర్ మీది కర్ర కదిపిన క్షణానికీ తెరమీద మనిషి తిరిగే క్షణానికీ మధ్య ఎడం తగ్గుతుంది. అందువల్ల కొనే ముందు తాము ఆడదలచిన నాలుగైదు ఆటల పేర్లు రాసుకుని, ఒక్కొక్కటి ఎస్‌లో ఎన్ని ఫ్రేములతో నడుస్తుందో చూసుకోవడం టెరాఫ్లాప్స్ అంకెను బట్టీపట్టడం కన్నా ఎంతో మేలు.

టీవీ సంగతి వచ్చింది కనుక నా తెలివితక్కువతనం కూడా ఒకటి చెప్పుకోవాలి. ఎక్స్ కొన్న మొదటి పది రోజులూ 120 ఫ్రేముల సదుపాయం ఎక్కడా కనబడక, కన్సోల్‌లోనే ఏదో లోపముందని నిర్ధారణకు వచ్చేశాను. ఒక రాత్రి సెట్టింగుల్లో టీవీ వివరాలు చూపే పేజీ తెరిస్తే టిక్కులు, అడ్డగుర్తులతో ఒక జాబితా కనబడింది. అందులో 4కే 120 హెర్ట్జ్ ఎదురుగా అడ్డగుర్తు ఉంది. టార్చి పట్టుకుని టీవీ వెనక దూరి చూస్తే నాలుగు హెచ్‌డీఎంఐ పోర్టుల్లో రెండింటి పక్కన మాత్రమే 120 అని చిన్న అక్షరాలతో అచ్చువేసి ఉంది. నేను తీగను మూడోదానిలో పెట్టాను. పోర్టు మార్చిన వెంటనే జాబితాలో అడ్డగుర్తు కాస్తా టిక్కుగా మారింది. రెండు కన్సోళ్లకూ హెచ్‌డీఎంఐ 2.1 ఉంది, ఫ్రేముల వేగం తగ్గినప్పుడు బొమ్మ చీలిపోకుండా టీవీనే వేగం సర్దుకునే వీఆర్‌ఆర్ సదుపాయమూ రెండింటికీ ఉంది. అవి దక్కాలంటే టీవీకీ ఉండాలి, తీగ సరైన పోర్టులో ఉండాలి.

గ్రాఫిక్స్ చిప్ గురించి అందరూ మాట్లాడతారు కానీ, నా ఉద్దేశంలో ఎస్‌కు అసలు ఇరుకు మెమరీ. ఎక్స్‌లో 16 జీబీ ఉంది. ఎస్‌లో 10 జీబీయే ఉంది, అందులోనూ 8 జీబీ సెకనుకు 224 జీబీ వేగంతో పనిచేస్తే, మిగిలిన 2 జీబీ 56 జీబీ వేగంతో నడుస్తుంది. ఎక్స్‌లోని 10 జీబీ వేగం 560, మిగతా 6 జీబీ వేగం 336. దర్జీకి బీరువా ఎంత పెద్దదైనా బట్ట పరిచి కత్తిరించే బల్ల చిన్నదైతే పని ఆగినట్టే, ఆట ఎంత వేగంగా నిల్వలోంచి వచ్చినా పరుచుకోవడానికి చోటు లేకపోతే ఇబ్బంది తప్పదు. చుక్కల సంఖ్య తగ్గించడం సులువే, కానీ ఆట లోకంలోని మనుషులు, వస్తువులు, వారి మధ్య జరిగే వ్యవహారాలు ఎంత మెమరీ తీసుకుంటాయన్నది చుక్కల సంఖ్యతో పాటు తగ్గదు.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ బాల్డర్స్ గేట్ 3 అనే ఆట. అది 2023 ఆగస్టులో పీసీకీ, సెప్టెంబరులో ప్లేస్టేషన్ 5కూ వచ్చి, ఎక్స్‌బాక్స్‌కు మాత్రం డిసెంబరులో గానీ రాలేదు. కారణం ఎస్. తెరను రెండుగా చీల్చి ఇద్దరు ఆడే పద్ధతిలో ఇద్దరూ లోకంలో చెరో మూలకు పోతే రెండు చోట్లనూ ఒకేసారి మెమరీలో నిలపాలి, అది ఎస్‌లో కుదరలేదు. ఎక్స్‌కు వచ్చే ప్రతి ఆటా అవే సదుపాయాలతో ఎస్‌లోనూ ఆడాలన్నది మైక్రోసాఫ్ట్ నియమం కావడంతో ఆట ఆగింది. చివరకు ఎస్‌లో ఆ పద్ధతి లేకుండానే విడుదల చేయడానికి మైక్రోసాఫ్ట్, తయారీ సంస్థ లారియన్ అంగీకారానికి వచ్చాయి. ఎస్‌కు ఆ సదుపాయం 2025లో ఒక అప్‌డేట్‌తో అందింది. ఈ కథను కొందరు ఎస్‌కు అవమానంగా చెబుతారు. నేను రెండువైపులా చూస్తాను. ఆ నియమం వల్లనే ఎస్ కొన్నవారికి ఫలానా ఆట మీకు లేదన్న మాట వినవలసిన అవసరం రాలేదు. ఆ నియమం వల్లనే ఎక్స్ కొన్నవారు కూడా ఎదురుచూడవలసి వచ్చింది.

రెండింటిలో సమానంగా ఉన్నవి చాలానే ఉన్నాయి, వాటిని త్వరగా చెప్పుకుని ముందుకు పోవచ్చు. ఎనిమిది కోర్ల ప్రాసెసర్ రెండింటిదీ దాదాపు ఒకటే, ఎక్స్‌ది 3.8 గిగాహెర్ట్జ్, ఎస్‌ది 3.6. ఆటలు దాచే ఎస్‌ఎస్‌డీ వేగం ఒకటే, సెకనుకు 2.4 జీబీ. ఒకే ఆటను రెండింటిలో పక్కపక్కనే తెరిచి చూస్తే ముందు ఎక్స్ తెరుచుకుంటుందనుకున్నాను కానీ, అలా జరగలేదు. తక్కువ బరువున్న బొమ్మలను మోయవలసి రావడం వల్లనో ఏమో, ఎస్ ఒక్కోసారి రెప్పపాటు ముందే సిద్ధంగా ఉండేది. ఆపిన ఆటను ఆపిన చోటే తిరిగి తెరిచే క్విక్ రెజ్యూమ్ రెండింటిలోనూ ఉంది, ప్లగ్ పీకి మళ్లీ పెట్టినా అది పనిచేస్తుంది. కంట్రోలర్ అచ్చంగా ఒకటే, రెండింటికీ ఏఏ బ్యాటరీలు రెండు కావాలి. ఒకసారి కొన్న ఆట ఏ కన్సోల్‌కు తగిన రూపంలో ఆ కన్సోల్‌కు దానంతటదే దిగుతుంది. హాల్లో సగం ఆడి ఆపిన ఆటను గదిలోకి వెళ్లి ఎస్‌లో తెరిస్తే, సేవ్ (ఆట ఆపిన చోటి నమోదు) సరిచూస్తున్నానని ఒక క్షణం తెర మీద చెప్పి, అదే మలుపు దగ్గర నుంచి మొదలవుతుంది. ఇంట్లో టీవీ కోసం పోటీ ఉన్న చోట ఇది చిన్న సుఖమేమీ కాదు.

ఇక నిల్వ. నా దృష్టిలో ఈ రెండింటి మధ్య అసలైన తేడా బొమ్మలో లేదు, ఇక్కడుంది. ఎస్ మీద 512 జీబీ అని రాసి ఉంటుంది. అందులో కన్సోల్ తన సొంత అవసరాలకు తీసుకోగా ఆటలకు మిగిలేది 364 జీబీ. ఎక్స్ మీద రాసినది ఒక టీబీ, మిగిలేది 802 జీబీ. పైకి రెండు రెట్లుగా కనబడే తేడా చేతికి వచ్చేసరికి రెండు రెట్లు దాటుతుంది. పెద్ద ఆటలు 100 జీబీ దాటడం మామూలైపోయిన ఈ రోజుల్లో ఎస్‌లో అలాంటివి మూడు పడతాయి, నాలుగోది కావాలంటే మొదటిది తీసేయాలి. ఎస్ కోసం చేసిన రూపాల్లో సన్నని బొమ్మలు ఉంటాయి కనుక కొన్ని ఆటలు ఎక్స్‌లో కన్నా తక్కువ చోటే తీసుకుంటాయి, ఆ మేరకు కొంత ఊరట. తీసేసిన ఆట తిరిగి ఉచితంగానే దిగుతుంది, ఆడిన సేవ్ కూడా భద్రంగానే ఉంటుంది. కానీ తిరిగి దిగడానికి పట్టే సమయం మన ఇంటర్నెట్ వేగం మీద ఆధారపడి ఉంటుంది. డేటాకు పరిమితి ఉన్నవారికి ప్రతి తొలగింపూ ఒక ఖర్చే.

దీనికి చవకైన ఉపాయం యూఎస్‌బీ హార్డ్ డిస్క్. పాత ఎక్స్‌బాక్స్ వన్, 360 కాలపు ఆటలను దాని మీద నుంచే నేరుగా ఆడవచ్చు. ఈ తరం కోసం చేసిన ఆటలను మాత్రం అందులో దాచుకోగలం, ఆడలేం. ఆడాలంటే లోపలి నిల్వలోకి మార్చుకోవాలి. ఒక శుక్రవారం రాత్రి ఇద్దరు మిత్రులు వచ్చి కూర్చున్నాక, ఆడదలచిన ఆట బయటి డిస్క్‌లో ఉందని నాకు గుర్తొచ్చింది. 90 జీబీ లోపలికి రావాలి. తెర మీద గీత మెల్లమెల్లగా కుడివైపు పాకుతుంటే, ముందుగా మార్చి పెట్టుకోని నన్ను వాళ్లు ఆడిపోసుకుంటూ కబుర్లతోనే కాలక్షేపం చేశారు. మళ్లీ మొత్తం డౌన్‌లోడ్ చేసుకోవడంతో పోలిస్తే ఇది ఎంతో నయం, కానీ నిల్వ పెరిగినట్టు మాత్రం కాదు.

నిల్వ నిజంగా పెరగాలంటే కన్సోల్ వెనకనున్న ప్రత్యేకమైన గాడిలో పట్టే విస్తరణ కార్డు కొనాలి. అది వేలెడంత ఉంటుంది, పెట్టగానే లోపలి ఎస్‌ఎస్‌డీతో సమానంగా పనిచేస్తుంది, అందులో ఏ లోటూ లేదు. లోటు ధరలో ఉంది. 2020లో ఒక టీబీ కార్డు ధర 220 డాలర్లు. 299కి 220 కలిపితే 519. అదే రోజుల్లో ఎక్స్ ధర 499. అంటే నిల్వ కోసం కార్డు కొన్న ఎస్ యజమాని, ఎక్స్ కన్నా ఎక్కువ డబ్బు పెట్టి, మూడో వంతు బలమున్న చిప్‌తో, డిస్క్ అర లేని కన్సోల్‌కు యజమాని అయ్యాడన్నమాట. మొదట్లో ఈ కార్డులు ఒక్క సీగేట్ సంస్థే చేసేది. 2023లో వెస్టర్న్ డిజిటల్ కూడా వచ్చాక ధరలు దిగాయి, కాబట్టి ఆ తర్వాత లెక్క అంత అన్యాయంగా లేదు. అయినా ఎవరైనా నాతో ఎస్ కొని ఆ తర్వాత కార్డు వేసుకుంటానంటే, కార్డు డబ్బు కూడా ఇప్పుడే దగ్గర పెట్టుకుని ఎక్స్ వైపు చూడమనే చెబుతాను.

డిస్క్ విషయంలో కూడా ఖర్చు ఇలాగే వెనకనుంచి వస్తుంది. ఎస్‌కు డిస్క్ అర లేదు, కాబట్టి ప్రతి ఆటా ఆన్‌లైన్ స్టోర్‌లోనే కొనాలి. ఆ రోజు స్టోర్‌లో ఏ ధర ఉంటే అదే ధర. ఆడి ముగించిన ఆటను అమ్ముకోలేం, ఇంకొకరికి ఇచ్చి వారిదొకటి తెచ్చుకోలేం. మా పెదనాన్న కొడుకుకూ నాకూ మధ్య ఏడాదిలో అరడజను డిస్కులు చేతులు మారాయి. ఆ లెక్కన నేను కొనకుండా ఆడిన ఆటల విలువను కూడితే రెండు కన్సోళ్ల మధ్య తేడాలో మంచి భాగం తీరిపోయింది. డిస్క్ ఉన్నా ఆట మొత్తం లోపలి నిల్వలోకే ఎక్కుతుందని, డిస్క్ ఆట తెరిచేటప్పుడు తాళంచెవిలా మాత్రమే పనికొస్తుందని కొత్తవారు తెలుసుకోవాలి, డిస్క్ కొంటే చోటు మిగులుతుందన్నది అపోహ. ఎక్స్ 4కే బ్లూరే సినిమా డిస్కులను కూడా ఆడిస్తుంది. అలాంటి డిస్కులు బీరువాలో ఉన్నవారికి విడిగా ప్లేయర్ కొనే పని తప్పుతుంది. మరోవైపు, ఆటలు కొనడమే మానేసి నెలవారీ చందాతో గేమ్ పాస్‌లో ఉన్నవే ఆడుకునేవారికి డిస్క్ అర ఉండీ లేనట్టే. ఎస్ అసలు అలాంటివారిని ఉద్దేశించే తయారైందని నాకనిపిస్తుంది.

పాత ఆటల సంగతి ఎక్కువమంది గమనించరు. రెండూ వెనకటి ఎక్స్‌బాక్స్‌ల ఆటలను వేల సంఖ్యలో ఆడించగలవు. కానీ ఎక్స్‌బాక్స్ వన్ కాలంలో వన్ ఎక్స్ అనే బలమైన రూపం కోసం మెరుగుపరిచిన ఆటలు ఉన్నాయి. ఎక్స్ ఆ మెరుగైన రూపాన్నే నడుపుతుంది, ఎస్ మాత్రం మామూలు వన్ ఎస్ రూపాన్ని నడుపుతుంది. పాత ఆటలే ఎక్కువగా ఆడేవారికి 4కే టీవీ కూడా ఉంటే, కొత్త ఆటల్లో కన్నా ఇక్కడే తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. దగ్గర పాత డిస్కులు ఉన్నవారైతే మరో ఆలోచన అక్కరలేదు, ఎస్ వాటిని తీసుకోదు.

ఇంట్లో పెట్టుకోవడానికి ఎస్ ఎంతో హాయిగా ఉంటుంది. రెండు కిలోల లోపు బరువు, ఆరున్నర సెంటీమీటర్ల మందం, తెల్లని ఒంటి మీద నల్లని గుండ్రని జల్లెడ. దాన్ని చూసి మా ఇంటికి వచ్చినవారిలో సగం మంది స్పీకర్ అనుకున్నారు. భుజాన తగిలించుకునే సంచిలో కంట్రోలర్‌తో సహా పడుతుంది. ఎక్స్ నాలుగున్నర కిలోల నల్లని స్తంభం, 30 సెంటీమీటర్ల ఎత్తు, గాలి పైనుంచి పోతుంది కాబట్టి అరలో తల తగిలేలా కుక్కకూడదు. పడుకోబెట్టినా పనిచేస్తుంది గానీ, అప్పుడు అది ఉండవలసిన తీరులో లేదన్నట్టే కనబడుతుంది. చప్పుడు రెండింటిదీ తక్కువే. ఆడేటప్పుడు ఎక్స్ దాదాపు రెట్టింపు విద్యుత్తు తీసుకుంటుంది. నిద్రావస్థలో వదిలితే రెండూ 10 నుంచి 15 వాట్లు లాగుతూనే ఉంటాయి, పూర్తిగా ఆగే పద్ధతి పెట్టుకుంటే అది అర వాటుకు పడిపోతుంది. ఈ మార్పు మాత్రం ఎవరైనా మొదటి రోజే చేసుకోవాలి. పాత సౌండ్‌బార్ ఉన్నవారికి ఒక హెచ్చరిక, రెండింటిలో దేనికీ ఆప్టికల్ ఆడియో పోర్టు లేదు.

తర్వాతి కాలంలో ఈ రెండింటి నడుమ మరికొన్ని మెట్లు వచ్చాయి. 2023 సెప్టెంబరులో ఒక టీబీ నిల్వతో నల్లని ఎస్ వచ్చింది, 2024లో డిస్క్ అర లేని తెల్లని ఎక్స్ వచ్చింది. వీటిలో నల్లని ఎస్ నాకు నచ్చింది, ఎందుకంటే అది అసలు ఎస్‌లోని పెద్ద లోపాన్ని తక్కువ అదనపు ధరకే సరిచేసింది. తెల్లని ఎక్స్ ఎవరి కోసమో నాకు సరిగ్గా అర్థం కాలేదు. అంత ధర పెట్టగలవారు డిస్క్ సౌకర్యాన్ని వదులుకుని మిగుల్చుకునేది, రెండు మూడు వాడిన డిస్కులు కొనేసరికి తిరిగి రావలసిన డబ్బే. సాధారణంగా కన్సోల్ పాతబడే కొద్దీ ధర తగ్గుతుంది. ఈ తరంలో అది తలకిందులై, అమెరికాలో 2025లోనే రెండుసార్లు ధరలు పెంచారు. కాబట్టి కాస్త ఆగితే తగ్గుతుందన్న పాత సలహా ఇవ్వడానికి ఇప్పుడు నాకు ధైర్యం చాలదు.

అక్కకు చివరకు ఏం చెప్పానంటే, వారింట్లో ఉన్నది 43 అంగుళాల 1080పీ టీవీ, దాన్ని ఇప్పట్లో మార్చే ఆలోచన లేదు, ఇంట్లో పాత డిస్కు ఒక్కటి కూడా లేదు, పిల్లవాడు ఆడేవి ఒక ఫుట్‌బాల్ ఆట, ఒక కార్ల ఆట, ఇటుకలు పేర్చే ఆట, మిత్రులతో కలిసి ఆడేవి మరో రెండు. ఇన్ని కుదిరిన చోట ఎక్స్ కొనడం డబ్బు దండగే. కొత్తది కూడా వద్దని, గదిలో ఉన్న నా ఎస్‌నే తీసుకెళ్లమని చెప్పాను. 4కే టీవీ ఉన్న ఇంటికి, డిస్కులు మార్చుకునే మిత్రులున్నవారికి, లేదా ఒక్కడే కాకుండా ముగ్గురు నలుగురు తలో ఆట పెట్టుకునే ఇంటికి ఇదే సలహా ఇచ్చేవాణ్ణి కాదు. వారికి ఎక్స్ మొదటి రోజు ఖరీదుగా కనబడినా ఏడాది తిరిగేసరికి ఎస్ కన్నా ఎక్కువేమీ తీసుకోదు.

ఇచ్చే ముందు ఎస్‌ను మొదటి స్థితికి తెచ్చి, ఆటలన్నీ తుడిచేశాను. నిల్వ చూపే పేజీలో 364 అని కనబడింది. మేనల్లుడికి ఫోన్ చేసి పేర్లు చెప్పమన్నాను. వాడు ఒక్కొక్క పేరే చెబుతుంటే నేను ఒక్కొక్క అంకే కలుపుకుంటూ పోయాను. ఐదు పేర్లకు 310 అయింది. ఆ మాట చెబితే ఆరో పేరు నోటిదాకా వచ్చి ఆగినట్టుంది, కాసేపు అవతల చప్పుడు లేదు. "మామయ్యా, నీ దగ్గరున్న పెద్దదానిలో ఎంత పడుతుంది?" అని అడిగాడు.